దొరగారు నిలబడిన వరుస

స్పెయిన్ సముద్రతీరంలో ఇల్లు కొనుక్కుని, స్పానిష్‌లో నాలుగు ముక్కలైనా నేర్చుకోకుండా ఇరవై ఏళ్లు ఎండ కాచుకున్న బ్రిటిష్ పెద్దమనిషిని వలసదారు అని పిలవడం మహాపచారం. ఆయన ఎక్స్‌పాట్. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు వలసదారు, పెన్షను చేతబట్టుకుని వచ్చినవాడు ఎక్స్‌పాట్. (1611లో మన మచిలీపట్నంలో కొట్టు తెరిచిన ఈస్టిండియా కంపెనీవారు కూడా, ఆ లెక్కన, ఎక్స్‌పాట్‌లే అయి ఉండాలి.)

ఇంతటి సూక్ష్మభేదానికి 2016 జూన్ 23న ముప్పు వచ్చింది. బ్రెగ్జిట్ పేరుతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడదామని ఆనాడు బ్రిటన్‌లో 51.9 శాతం ఓట్లు పడ్డాయి. రాకపోకలు అనే మాటలోంచి రాకను మాత్రం నేర్పుగా తొలగించి, పోకను పదిలంగా అట్టే పెట్టుకోవచ్చునని వారిలో చాలామంది మనసారా నమ్మారు. వ్యాకరణం తెలిసిన వారెవరైనా అది ద్వంద్వ సమాసమని హెచ్చరించి ఉండవలసింది. పదిహేనేళ్లకు మించి విదేశంలో ఉంటున్న బ్రిటిష్ పౌరులకైతే, తమ కొంపకు సంబంధించిన ఆ ప్రశ్న మీద ఓటే లేదు. ఆ పదిహేనేళ్ల నిబంధనను 2024 జనవరిలో ఎత్తివేశారు, పెళ్లయిపోయాక శుభలేఖ పంపినట్లు.

న్యాయంగా చెప్పాలంటే వారిని పూర్తిగా నడివీధిలో వదిలేయలేదు. 2020 డిసెంబరు 31 నాటికి చట్టబద్ధంగా అక్కడ స్థిరపడిన వారికి నిష్క్రమణ ఒప్పందం నివాస హక్కును కాపాడింది, స్పెయిన్‌లో ఉన్నవారికి టీఐఈ అనే నివాస కార్డు కూడా ఇచ్చారు. అయితే ఆ హక్కు ఆ ఒక్క దేశానికే పరిమితం. స్పెయిన్ కార్డు చూపించి ఫ్రాన్సులో కాపురం పెడతానంటే కుదరదు.

అసలు శాస్త్రపాండిత్యం అవసరమైంది మాత్రం శీతాకాలం స్పెయిన్‌లోనూ వేసవి ఇంగ్లండులోనూ గడిపే వలసపక్షులకు. ఏ రోజున నిలబడి వెనక్కి చూసుకున్నా, గడిచిన 180 రోజుల్లో షెంగెన్ దేశాలన్నింటిలో (తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో) కలిపి 90 రోజులకు మించి ఉండకూడదన్నది నియమం. వచ్చిన రోజూ లెక్కే, వెళ్లిన రోజూ లెక్కే. తిథివార నక్షత్రాలను వెక్కిరించిన జాతి వారసులు ఇప్పుడు క్యాలెండరు ముందేసుకుని, వర్జ్యం చూసుకున్నంత శ్రద్ధగా ప్రయాణానికి రోజు చూసుకుంటున్నారు. సొంత ఇల్లే, తాళంచెవి జేబులోనే ఉంది, ముహూర్తమే లేదు.

ఇన్ని కష్టాల మధ్య నీలిరంగు పాస్‌పోర్టు తిరిగి దక్కిందన్న ఊరట ఒకటుంది. జాతీయ గౌరవానికి గుర్తయిన ఆ పుస్తకం పోలండులో తయారవుతోందన్న సంగతి తలచుకోకపోవడం మర్యాద. బ్రెగ్జిట్‌ను నడిపించిన బోరిస్ జాన్సన్ ప్రధానిగా ఉండగానే, 2022లో, ఆయన తండ్రిగారు ఫ్రెంచి పౌరసత్వం పుచ్చుకున్నారు. కన్నవాడికి కొడుకు శక్తియుక్తులు తెలియకపోతాయా!

2025 అక్టోబరులో మొదలైన కొత్త సరిహద్దు వ్యవస్థ ప్రకారం, నివాస కార్డు లేని బ్రిటిష్ యాత్రికులు వేలిముద్రలూ ఫొటో ఇచ్చి లోపలికి వెళ్లాలి. యూరోపియన్ల వరుస పక్కన చకచకా కదిలిపోతుంటే, వారు మిగతా ప్రపంచపు వరుసలో, సరిగ్గా మన వెనకాల నిలబడుతున్నారు. తిరుగు టికెట్టు చూపించమని, బస ఎక్కడని, ఖర్చులకు డబ్బుందా అని అధికారి అడగవచ్చు. ప్లాస్టిక్ ఫైలులో బ్యాంకు కాగితాలు వరుసక్రమంలో పెట్టుకునే విద్యలో మన హైదరాబాదు కుర్రవాళ్లకు ఉన్న అనుభవం అపారం కనుక, అడిగితే కాదనకుండా నేర్పుతారు.

అదీ చాలకపోతే చిలుకూరులో వీసాల బాలాజీ ఉన్నాడు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్కపెట్టడం వారికిప్పుడు ఎలాగూ అలవాటైంది. వీసా అక్కర్లేని యాత్రికులు ముందుగా తీసుకోవలసిన, రాబోయే ఈటియాస్ అనే ప్రయాణ అనుమతికి యూరప్‌వారు 20 యూరోలు నిర్ణయించారు గానీ, చిలుకూరులో హుండీ కూడా లేదు.