అదృశ్య హస్తం గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా అదృశ్య హస్తం గారూ,

నమస్కారం పెడుతున్నా, మీరు తిరిగి పెట్టలేరని తెలుసు, ఉన్నదే ఒక్క చెయ్యి, అదీ కనపడదు. మీ మీద నాకేం కోపం లేదండీ, నా గొడవంతా మీ లిబర్టేరియన్ భక్తులతో, అంటే గవర్నమెంటు వేలు పెట్టకుండా అన్నీ మార్కెట్‌కే వదిలేయాలి అనేవాళ్లతో. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా మార్కెట్లో అందరికీ మేలు జరిగేలా చూసే కనపడని శక్తి మీరేనట. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో అంత లావు పుస్తకం రాసి మీ పేరు ఒకే ఒక్కసారి ఎత్తాడు, అదే పుస్తకంలో రక్షణ, న్యాయం, రోడ్లు, వంతెనలు గవర్నమెంటు చూసుకోవాలని బోలెడు పేజీలు రాశాడు, మీవాళ్ల కాపీల్లో ఆ పేజీలు అంటుకుపోయినట్టున్నాయి.

వాళ్లతో వాదించి గెలవలేం. మార్కెట్ బాగుంటే చూశావా స్వేచ్ఛ మహిమ అంటారు, కుప్పకూలితే అసలు స్వేచ్ఛ ఎక్కడిచ్చారు అంటారు. జాతకాలు చెప్పేవాళ్లు నయం, కనీసం పరిహారమైనా చెప్తారు.

పోనీ సొంత దేశం పెట్టి చూపించండి అంటే, పెట్టారండీ పాపం. 1972లో మైఖేల్ ఆలివర్ అనే రియల్ ఎస్టేట్ ఆయన పసిఫిక్‌లో పోటొస్తే మునిగిపోయే దిబ్బల మీద ఇసక పోయించి మినర్వా రిపబ్లిక్ అని ప్రకటించాడు, పన్నుల్లేవు, సబ్సిడీల్లేవు. కొన్ని నెలలకే ఆ దగ్గర్లోని ద్వీపదేశం టోంగా రాజుగారు మనుషుల్నేసుకుని వచ్చి జెండా దించేసి ఇది మాది అన్నారు. ఆపడానికి సైన్యం ఉండాలి, సైన్యానికి పన్ను ఉండాలి, అక్కడే వచ్చింది చిక్కు. 2020లో ఇంకో బ్యాచ్ పాత క్రూయిజ్ షిప్ కొని ఎంఎస్ సతోషి అని పేరెట్టి పనామా దగ్గర సముద్రంలో క్రిప్టో కరెన్సీ జనం కోసం ఊరు పెడతామన్నారు. తుఫాను రాలేదు, ఎవరూ ఫిరంగి పెట్టలేదు, షిప్పుకి ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీ దొరకలేదు అంతే. అంటే కాదు పొమ్మన్నది మార్కెట్టే, మొట్టికాయ వేసింది సాక్షాత్తూ మీరే.

అన్నట్టు ఒక్క మంచి మాట చెప్పకపోతే పాపం తగులుతుంది, అమెరికాలో కుర్రాళ్లని బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం 1973లో ఆగిందంటే అందులో మీ భక్తుల్లో పెద్దాయన, ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదనకీ వాటా ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేదో.

ఆగలేదు, మీ భక్తులు మధ్య అమెరికాలోని హోండురాస్ దేశం వెళ్లారు. అక్కడి గవర్నమెంటు 2013లో ప్రత్యేక చట్టం చేసి మీ జోన్‌లో మీ రూల్స్ మీరే పెట్టుకోండి అంటే, రోవతాన్ దీవిలో ప్రోస్పెరా అని ఒకటి మొదలెట్టారు. గవర్నమెంటు వద్దనే ఊరు గవర్నమెంటు చట్టంతోనే పుట్టడం ఒక వింత, సరే వదిలేద్దాం. 2022లో కొత్తగా వచ్చిన గవర్నమెంటు వాళ్లు ఆ చట్టం రద్దు చేశారు. అప్పుడైనా మీ మీద భారం వేసి ఊరుకోవచ్చుగా? ఊహూ, దేశాల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం పట్టుకుని, ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఉండే ట్రిబ్యునల్లో దాదాపు 1,100 కోట్ల డాలర్లకి దావా వేశారు! ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది గవర్నమెంట్లు, ప్రపంచ బ్యాంకు నడిపేది గవర్నమెంట్లు, డబ్బు కట్టాల్సొస్తే కట్టేది పన్ను కట్టే జనం. పన్ను అంటే దోపిడీ అన్న నోరే ఇది.

కాబట్టి చిన్న విన్నపం. ఆ కేసులో మీరూ సాక్ష్యం చెప్పండి, మార్కెట్ అంతా చక్కబెడుతుంది, కోర్టు అక్కర్లేదు అని కోర్టులోనే చెప్పండి. వాంగ్మూలం కింద వేలిముద్ర అడుగుతారేమో, దానికి ఏం చేస్తారో మీ ఇష్టం.

ఇట్లు,
రెండు చేతులూ కనపడే ఒక పౌరుడు