ఐబీడీ మందులు ఆపేయమంటున్న సందేశంలో తప్పులివి

కొంతకాలంగా ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. మాటలు అటూఇటూ మారుతున్నా సారాంశం ఇది: "క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అసలు జబ్బులే కావు. పేగులో మంచి బ్యాక్టీరియా తగ్గిపోవడమే కారణమని సైన్స్ నిరూపించింది. మన ఒంట్లో 90 శాతం కణాలు బ్యాక్టీరియావే. టెస్ట్ కిట్‌తో ఏది తగ్గిందో చూసుకుని ప్రొబయాటిక్స్, పీచు బాగా తీసుకుంటే మూడు నెలల్లో పేగు రీసెట్ అవుతుంది. కుదరకపోతే మల మార్పిడి ఉండనే ఉంది. రోగనిరోధక శక్తిని చంపే మందులు ఇక అక్కర్లేదు, ఆపేయండి."

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే ఈ రెండు దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులనూ కలిపి ఐబీడీ అంటారు. ఆ సందేశాన్ని నమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. ఈ మాటల్లో చాలావాటి వెనక ఎక్కడో ఒక అసలైన పరిశోధన ఉంది. పూర్తి కట్టుకథ అయితే చదివినవాళ్లే పక్కన పడేసేవారు. ఏళ్ల తరబడి రక్తవిరేచనాలతో వేగుతూ, బయటికి వెళ్లాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కునే మనిషికి "మూడు నెలల్లో" అన్న మాట ఎంత ఆశ పెడుతుందో నాకు తెలుసు. ఆ ఆశతో మందు ఆపేస్తే జరిగే నష్టం చాలా పెద్దది కాబట్టి ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నాను.

ముందుగా ఆ 90 శాతం లెక్క. ఇది ఎప్పుడో వేసిన ఉజ్జాయింపు, దశాబ్దాల పాటు ఒకరి నుంచి ఒకరు రాసుకుంటూ వచ్చారు. 2016లో రాన్ సెండర్, షై ఫుక్స్, రాన్ మైలో అనే శాస్త్రవేత్తలు జాగ్రత్తగా తిరిగి లెక్కగట్టారు. 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మనిషి కణాలు సుమారు 30 లక్షల కోట్లు. రెండూ దాదాపు సరిసమానం. ఆ బ్యాక్టీరియా అంతా కలిపి తూచినా 200 గ్రాముల దగ్గరే ఉంటుంది.

"అసలు జబ్బే కాదు" అన్నది ఇంకా దారుణమైన మాట. క్రోన్స్‌లో పేగు గోడ లోతుదాకా పుండుపడుతుంది, దారి సన్నబడి మూసుకుపోతుంది, పక్క అవయవాలకు రంధ్రాలు పడి ఫిస్టులాలు ఏర్పడతాయి. కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర పుండై రక్తం కారుతుంది. కొలనోస్కోపీలో కంటికి కనిపిస్తాయి, బయాప్సీలో దొరుకుతాయి. ఇవేవీ కనిపించని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వేరు, ఇది వేరు. "నాకు తగ్గింది" అని ఆ సందేశం కింద సాక్ష్యం చెప్పేవాళ్లలో చాలామందిది ఐబీఎస్ అయి ఉంటుందని నా అనుమానం.

ఇక అసలు విషయం: "బ్యాక్టీరియా తగ్గడమే కారణమని నిరూపించారు."

బ్యాక్టీరియాకు ఈ జబ్బులో పాత్ర ఉందన్నది నిజం. దానికి నాకు తెలిసిన బలమైన రుజువు 1998లో డీహాన్స్ బృందం బెల్జియంలో చేసిన చిన్న ప్రయోగం. క్రోన్స్‌కు ఆపరేషన్ చేసి పాడైన పేగు ముక్క తీసేశాక, కలిపిన చోటే జబ్బు తిరగబెట్టడం మామూలే. అయితే కలిపిన చోటికి పైన పేగును తాత్కాలికంగా పొట్ట బయటికి తెరిచి, లోపలి పదార్థం కిందికి పోకుండా ఉంచితే అక్కడ జబ్బు తిరగబెట్టదని అప్పటికే గమనించారు. ఈ బృందం అలాంటి ముగ్గురు రోగులను తీసుకుని, వాళ్ల పేగులోంచి బయటికి వచ్చిన ద్రవాన్నే విశ్రాంతిలో ఉన్న కింది భాగంలోకి ఎక్కించింది. 8 రోజుల్లో, అంతకుముందు బాగున్న పేగు పొరలో మైక్రోస్కోపు కింద వాపు మొదలైంది. పేగులోంచి పారే దానిలో ఏదో ఉంది, అది తగిలితేనే జబ్బు రగులుతోంది. ఎలుకల్లోనూ అంతే. వాపును అదుపులో ఉంచే ఐఎల్-10 జన్యువు తీసేసిన ఎలుకలకు కొలైటిస్ వస్తుంది, ఏ సూక్ష్మజీవీ లేని శుభ్రమైన గూటిలో పెంచితే రాదు.

ఆ ముగ్గురికి ఎక్కించింది ఎవరి ద్రవమో మళ్లీ గమనించండి. వాళ్లదే. బయటినుంచి ఏ చెడ్డ క్రిమీ తెచ్చి పెట్టలేదు. చాలామంది పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవులకే వీళ్ల ఒళ్లు అతిగా స్పందిస్తోంది. ఆ స్పందనలో జన్యువుల వాటా ఉంది. 2001లో క్రోన్స్‌తో ముడిపడినట్టు కనుక్కున్న ఎన్‌ఓడీ2 అనే జన్యువు చేసే పనే బ్యాక్టీరియా గోడ ముక్కలను పసిగట్టడం. ఆ తర్వాత ఐబీడీతో సంబంధమున్న జన్యు ప్రాంతాలు 200కు పైగా బయటపడ్డాయి. అలాగని అంతా జన్యువులే కాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి క్రోన్స్ ఉంటే రెండోవారికీ వచ్చేది దాదాపు మూడోవంతు నుంచి సగం జంటల్లోనే. కొలైటిస్‌లో ఇంకా తక్కువ. జన్యువులు, సూక్ష్మజీవులు, పొగతాగడం, చిన్నప్పటి యాంటీబయాటిక్స్ వంటివి కలగలిసిన జబ్బు ఇది. ఒక్క దాన్ని పట్టుకుని కారణమంటే సరిపోదు.

మరి ఐబీడీ ఉన్నవాళ్లలో ఫీకలిబ్యాక్టీరియం వంటి మంచి బ్యాక్టీరియా తగ్గి, ఈ.కోలై కుటుంబం పెరిగిన మాట? అదీ నిజమే. 2014లో వచ్చిన రిస్క్ అనే అధ్యయనం, అప్పుడే క్రోన్స్ బయటపడి ఇంకా మందులు మొదలుపెట్టని 447 మందిలో ఈ తేడాను స్పష్టంగా చూపింది. అయితే చెట్టు ముందా విత్తు ముందా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. వాపు వచ్చిన పేగు గోడ నైట్రేట్‌ను విడుదల చేస్తుంది, ఈ.కోలై దాన్ని వాడుకుని శ్వాసించి విపరీతంగా పెరుగుతుందని 2013లో ఎలుకల్లో చూపించారు. ఆక్సిజన్ తగిలితే బతకలేని మంచి బ్యాక్టీరియా అదే వాపులో తగ్గిపోతుంది. అంటే సందేశం కారణమని చెప్తున్నదాంట్లో కొంత భాగం జబ్బు ఫలితం. మొత్తం ఫలితమేనని నేనూ అనను. జెమ్ అనే ప్రాజెక్టు క్రోన్స్ రోగుల దగ్గరి బంధువుల్లో ఆరోగ్యంగా ఉన్న 3,483 మందిని ఏళ్ల తరబడి గమనించింది. తర్వాత జబ్బు వచ్చిన 73 మందిలో, అది రాకముందే సూక్ష్మజీవుల కూర్పు కొంత వేరుగా ఉందని 2023లో ప్రకటించింది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఆశ పుట్టించే ఫలితం ఇదే. అది కూడా జబ్బు వచ్చే అవకాశాన్ని ముందుగా అంచనా వేయడానికి పనికొస్తుందేమో గాని, వచ్చిన జబ్బును తగ్గించే మందును చేతిలో పెట్టలేదు.

టెస్ట్ కిట్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఆరోగ్యవంతమైన మైక్రోబయోమ్ (పేగులోని సూక్ష్మజీవుల సముదాయం) అంటే ఫలానా కూర్పు అని ఎవరూ ఇంతవరకు తేల్చలేదు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం 132 మందిని ఏడాది పాటు గమనిస్తే, ఐబీడీ ఉన్నవాళ్లలో ఒకే మనిషి కూర్పు కూడా కొద్ది వారాల్లోనే బాగా మారిపోతూ కనిపించింది. ఒక రోజు నమూనా చూసి "మీకు ఇది తక్కువ, ఈ సీసా కొనండి" అంటే అది వ్యాపారం. జబ్బు ఎంత రగులుతోందో చూడాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది. తెల్లరక్త కణాల నుంచి వచ్చే ఆ ప్రొటీన్ నేరుగా వాపునే కొలుస్తుంది.

ప్రొబయాటిక్స్‌లో, అంటే మేలు చేస్తాయని మింగే బతికున్న సూక్ష్మజీవుల్లో, ఏదీ పనిచేయదనడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో ఆల్‌ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు, తోటివాళ్లంతా విరేచనాలతో పడిపోయినా తాను మాత్రం నిలిచిన ఒక సైనికుడి మలం నుంచి ఒక ఈ.కోలై రకాన్ని వేరుచేశాడు. 2004లో 327 మందితో చేసిన ట్రయల్‌లో, కొలైటిస్ తిరగబెట్టకుండా చూడటంలో అది ఆ జబ్బుకు ఎక్కువగా వాడే మెసలమిన్ మందుకు తీసిపోలేదని తేలింది. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కట్టినవాళ్లకు, ఆ సంచిలో వచ్చే వాపుకు ఎనిమిది రకాలు కలిపిన ఒక మిశ్రమం పనిచేసిన దాఖలా ఉంది. ఫలానా రకం, ఫలానా స్థితికి, ఫలానా మోతాదులో: రుజువులు అంతవరకే. క్రోన్స్‌కు అలాంటి ఆధారం లేదు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020 మార్గదర్శకాలు క్రోన్స్, కొలైటిస్ రెండింటికీ ప్రొబయాటిక్స్‌ను ట్రయల్స్‌లో భాగంగా మాత్రమే వాడమన్నాయి. పైగా తగ్గిపోయిందని అందరూ చెప్పే ఫీకలిబ్యాక్టీరియం గాలి తగిలితే చచ్చిపోయే జీవి, మామూలు క్యాప్సూల్స్‌లో ఉండేవి వేరే జాతులు. 2018లో ఇజ్రాయెల్‌లో ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధనలో, యాంటీబయాటిక్స్ తర్వాత ప్రొబయాటిక్స్ వేసుకున్నవాళ్లకు సొంత సూక్ష్మజీవులు తిరిగి నెలకొనడం ఇంకా ఆలస్యమైంది.

పీచు విషయంలో అందరికీ ఒకే సలహా ఇవ్వడం నాకు మరీ భయం కలిగిస్తుంది. క్రోన్స్‌తో పేగు సన్నబడిన మనిషి ముతక పీచు ఎక్కువ తింటే అది అక్కడ ఇరుక్కుని దారి మూసుకుపోవచ్చు. 2023లో కెనడా పరిశోధకులు, కొందరు రోగుల్లో సూక్ష్మజీవులు సరిగా పులియబెట్టలేని ఫ్రక్టాన్ రకం పీచు వాపును తగ్గించకపోగా రెచ్చగొట్టిందని చూపించారు. దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకొకటుంది. క్రోన్స్ ఉన్న పిల్లలకు మొదటి చికిత్సగా 6 నుంచి 8 వారాలు మామూలు తిండి మొత్తం మాన్పించి, పోషక ద్రవం ఒక్కటే తాగిస్తారు. దానితో దాదాపు 80 శాతం మందిలో జబ్బు అణిగిపోతుంది. ఆ వారాల్లో వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గుతుంది, "మంచిది" అని పేరుపడ్డ ఫీకలిబ్యాక్టీరియం కూడా తగ్గుతుంది. అయినా పిల్లలు కోలుకుంటారు. మంచి బ్యాక్టీరియా పెరిగితేనే జబ్బు తగ్గుతుందన్న లెక్క ఇక్కడ సాగదు.

మల మార్పిడి అంటే ఆరోగ్యంగా ఉన్న దాత మలాన్ని రోగి పేగులోకి ఎక్కించడం. దాని పేరు ఇంతగా మోగడానికి కారణం క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా. పదేపదే తిరగబెట్టే ఆ ఇన్‌ఫెక్షన్‌లో, 2013లో నెదర్లాండ్స్ ట్రయల్‌లో 16 మందిలో 13 మందికి ఒక్క విడతతోనే నయమైంది. అది నిజంగా గొప్ప ఫలితం. ఐబీడీ అలా లొంగలేదు. కొలైటిస్‌పై 2015లో కెనడాలో జరిగిన ట్రయల్‌లో రెమిషన్ (జబ్బు అణిగి ఉండే స్థితి) వచ్చింది 38 మందిలో 9 మందికి, ఉత్తుత్తి చికిత్స తీసుకున్న 37 మందిలో ఇద్దరికి. ఆ 9 మందిలో ఏడుగురికి మలం ఒకే దాత నుంచి వచ్చింది! ఆ దాతలో ఏముందో తేలితే ఎంతో మేలు, ఆ వెతుకులాట సాగుతోంది. అదే ఏడాది నెదర్లాండ్స్ ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఆస్ట్రేలియా ట్రయల్‌లో రెమిషన్ వచ్చింది 27 శాతం మందికి, పోలిక కోసం పెట్టిన వర్గంలో 8 శాతానికి. 2019లో మళ్లీ అక్కడే 32 శాతం, 9 శాతం. ఈ చివరి ట్రయల్‌లో బాగుపడిన 12 మందిలో ఏడాది తర్వాత రెమిషన్‌లో మిగిలింది ఐదుగురు. కొలైటిస్‌లో కొందరికి పనిచేస్తోంది, చాలామందికి చేయట్లేదు. క్రోన్స్‌లో ఆధారం ఇంకా పలచన. ఇంట్లోనే చేసుకోవచ్చని వీడియోలు పెట్టేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి: 2019 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. దాత మలంలోని, యాంటీబయాటిక్స్‌కు లొంగని మొండి ఈ.కోలై సోకి, రోగనిరోధక శక్తి తగ్గి ఉన్న ఇద్దరు రోగులు తీవ్రంగా జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పరిశోధనలోనే ఇలా అయింది.

చివరిది, "మందులు ఆపేయండి." మొదటి తప్పు ఐబీడీ మందులన్నీ ఒకటే అనుకోవడం. కొలైటిస్‌లో ఎక్కువగా వాడే మెసలమిన్ రోగనిరోధక శక్తిని అణచే మందు కాదు, పేగు పొర మీదే పనిచేస్తుంది. రెమిషన్‌లో ఉన్న 99 మందిని రెండేళ్లు గమనించిన ఒక అధ్యయనం 2003లో వచ్చింది. మందు సరిగా వాడినవాళ్లలో 89 శాతం బాగున్నారు, వాడనివాళ్లలో 39 శాతమే. క్రోన్స్‌లో, రోగనిరోధక స్పందనను అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఎక్కించే మందుతో బాగా కుదుటపడిన 115 మందికి డాక్టర్లే దగ్గరుండి ఆ ఒక్క మందు ఆపితే, ఏడాదిలో దాదాపు 44 శాతం మందికి తిరగబెట్టింది. ఆ ట్రయల్‌లో వెంటనే కనిపెట్టి మళ్లీ మొదలుపెట్టడం వల్ల చాలామంది కోలుకున్నారు. ఇంట్లో చెప్పాపెట్టకుండా ఆపేసినవాళ్లను కనిపెట్టేదెవరు? నొప్పి లేదంటే వాపు లేదని కాదు. ఏమీ తెలియకుండానే లోపల పుండు సాగుతుంది, పెద్దపేగులో ఏళ్ల తరబడి సాగిన వాపు క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. ఇక స్టెరాయిడ్లు కొన్ని వారాలు వాడాక ఉన్నట్టుండి మానేస్తే, ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ అందక ప్రాణం మీదికి రావచ్చు.

ఈ సందేశం చూసి ఇప్పటికే ఆపేసినవాళ్లుంటే, సిగ్గుపడకుండా మీ డాక్టరుకు ఎప్పుడు ఆపారో తేదీతో సహా చెప్పండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందుకు విరామం వస్తే ఒంట్లో దానికి విరుగుడుగా యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. ఆ విరామం సంగతి తెలియకుండా మళ్లీ ఎక్కిస్తే రియాక్షన్ రావచ్చు. తెలిస్తే ముందే పరీక్ష చేసి, జాగ్రత్తలు తీసుకుని ఎక్కిస్తారు, లేదంటే మందు మారుస్తారు. రక్తం ఎక్కువగా పడుతున్నా, జ్వరంతో విరేచనాలు నిద్రలోంచి లేపుతున్నా, పొట్ట ఉబ్బి వాంతులవుతూ గాలి కూడా పోకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.