సైకాలజీ పీజీ చదివిన పిల్లలకు జిల్లాలో చోటేది?

డిగ్రీ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అక్కా, సైకాలజీల పీజీ చేద్దామనుకుంటున్న. నౌకరీ వస్తదా?" జడ్చర్ల నుంచి, కల్వకుర్తి నుంచి, దేవరకొండ నుంచి. అడిగేవాళ్లలో ఎక్కువ మంది ఆడపిల్లలే. ఈసారి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. ఇది ఆ పిల్లలు ఒక్కళ్లే తేల్చుకునే సంగతి కాదు. వాళ్ల అమ్మానాన్నలు, కాలేజీలు నడిపేవాళ్లు, జిల్లా ఆఫీసర్లు, మన ఎమ్మెల్యేలు కూడా చదవాలి.

సూటిగా చెప్తున్నా: చదవండి. మన పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు), నల్లగొండకు మీరు కావాలి. అయితే మిమ్మల్ని తయారు చేసే ఏర్పాటు గానీ, తయారయ్యాక పనిలో పెట్టుకునే ఏర్పాటు గానీ మన జిల్లాల్లో సరిగా లేదు. నా కోపమంతా దాని మీదే.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వెళ్లిన ఒక అమ్మాయి చనిపోయిన కేసు అది. వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా తగిన శిక్షణ ఉన్న ఒక కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో స్పష్టంగా చెప్పారు. మన దగ్గర ఏ గురుకులం తీసుకున్నా వందకు ఎన్నో రెట్లు పిల్లలుంటారు. కస్తూర్బా స్కూళ్లు, మోడల్ స్కూళ్లు, జూనియర్ కాలేజీలు, ప్రైవేటు హాస్టళ్లు కలుపుకుంటే ఎంత మంది కావాలో మీరే లెక్కేసుకోండి. ఎక్కడి నుంచి తెస్తారు? అదే రోజుల్లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోని కోర్సులన్నిటికీ ఇదే రూల్.

ఆ రూల్‌తో నాకు పేచీ లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఏడుస్తుంటే ఎంతసేపు ఊరుకోవాలో, ఎప్పుడు నోరు తెరవాలో పోస్టులో వచ్చిన పుస్తకాలు నేర్పవు. కానీ మన ఆడపిల్లల సంగతి చూడండి. డిగ్రీ అయీ కాకముందే పెళ్లి, వెంటనే పిల్లలు. ఇంటిపట్టున ఉండి ఇగ్నో దూరవిద్యలో ఎం.ఎ. సైకాలజీ చేసుకోవచ్చన్నది వాళ్లకున్న ఒకే ఒక్క ఆశ. ఏ డిగ్రీ చదివినా చేర్చుకునేవాళ్లు. అలా చదివిన స్కూల్ టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు నాకు తెలుసు. ఆ తలుపు మూసినప్పుడు పక్కన ఇంకోటి తెరవాలి కదా! నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007 నుంచి ఉంది, పాలమూరు యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. అయినా సైకాలజీ అనగానే మన పిల్లలు ఉస్మానియా వైపే చూస్తారు. అంటే పీజీ ఎంట్రన్స్ సీపీగెట్‌లో ర్యాంకు రావాలి, హైదరాబాద్‌లో హాస్టల్ దొరకాలి, ఇంట్లో సరే అనాలి. ఆ మూడోదే అన్నిటికన్నా కష్టం.

చేరేవాళ్లు ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. రెండేళ్ల ఎం.ఎ. లేదా ఎమ్మెస్సీ పూర్తయినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన సంస్థలో, రోగుల మధ్య శిక్షణ పొంది, ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. ఇన్నాళ్లూ ఆ శిక్షణ రెండేళ్ల ఎంఫిల్. 2020 జాతీయ విద్యా విధానం ఎంఫిల్‌ని తీసేయమంది కాబట్టి ఆ దారి మారుతోంది. ఫీజు కట్టేముందు మీరు చేరబోయే కాలేజీ, ఆ కోర్సు ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఏజెంట్ల మాట నమ్మకండి. మందులు రాయడం సైకియాట్రిస్టు పని, మనది కాదు. ఉత్త పీజీతో స్కూళ్లు, కాలేజీలు, డీఅడిక్షన్ సెంటర్లు, సఖి సెంటర్లు, ఎన్జీవోలు ఉన్నాయి. నెట్, సెట్ రాసి లెక్చరర్లు అయినవాళ్లూ ఉన్నారు. చాలామంది మాత్రం చివరికి హైదరాబాద్‌లో ఏదో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో తేలుతున్నారు. వాళ్లని తప్పుపట్టను. ఇల్లు గడవాలి.

ఇక పని ఎలా ఉంటుందో చెప్తా. కౌన్సెలింగ్ పుస్తకాలన్నీ మొదట చెప్పేది గోప్యత గురించి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కౌన్సెలింగ్ గదికి తలుపే లేదు, పరదా ఉండేది. కోస్గి వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త బొంబాయిలో సెంట్రింగ్ పనికి పోయాడు. "ఒళ్లంత మంటలు లేస్తున్నయి మేడం, రాత్రి నిద్ర పడ్తలేదు" అంటుంది. అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంది, తాయత్తు కట్టించుకుంది, టౌన్‌లో రక్తపరీక్షలన్నీ చేయించుకుంది. అన్నీ నార్మల్. పక్కనే అత్త. ఏం అడిగినా జవాబు అత్తే చెప్తోంది. బయట కూర్చోమంటే ఆమెకు అవమానం, ఇంటికి పోయాక కోడలికి నరకం. అందుకని "అమ్మా, ఈ కాగితం మీద ఓపీ కౌంటర్ల ముద్ర ఏయించుకొని రా" అని పంపాను. అక్కడ లైన్ పెద్దగా ఉంది. అత్త అటు పోగానే కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తీసుకున్న గ్రూపు లోను, వారం వారం ఇంటి ముందుకు వచ్చే వసూలువాళ్లు, ఫోన్ ఎత్తని భర్త, అన్నీ ఆ కాసేపట్లోనే బయటపడ్డాయి. ఇదంతా ఏ సిలబస్‌లో ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్ల పక్కన ఏడాది కూర్చుంటే అబ్బుతుంది. అలా కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్లు మన జిల్లాల్లో ఎంత మంది?

కల్తీ కల్లు సంగతి తీసుకోండి. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ ఒళ్లు, అది ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. పాలమూరు పెద్దాసుపత్రికి, ఎర్రగడ్డకు ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. వార్డులో మందులతో నిలబెట్టి పంపిస్తారు. ఇంటికి పోయాక పొద్దుగూకితే కాళ్లు కల్లు దుకాణం వైపే లాగుతాయి. కౌన్సిలర్ పని మొదలయ్యేది అప్పుడే. ఊరికి పోవాలి, భార్యతో మాట్లాడాలి, సాయంత్రాలు ఎలా గడపాలో ఆ మనిషితో కలిసి ఆలోచించాలి. అమెరికా టెక్స్ట్‌బుక్కుల్లో పాలమూరు కల్లు గురించి ఒక్క ముక్క ఉండదు. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో నడుం వంగిపోయిన మనుషులు ఇన్ని దశాబ్దాలు మనసులో ఏం మోశారో కూడా ఉండదు. ఇవి రాయాల్సింది మన పిల్లలే, మన యూనివర్సిటీల్లో, పీజీ డిసర్టేషన్లుగా.

ఉద్యోగాల తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. నాతో చదివిన ఒకమ్మాయిని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కౌన్సిలర్‌గా తీసుకుంది. పిల్లలు ఏం చెప్పుకున్నారో సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్‌కి రిపోర్ట్ ఇవ్వాలట. అడ్మిషన్ల సీజన్‌లో కరపత్రాలు పట్టుకుని ఊళ్లు తిరగాలట. జీతం సబ్జెక్ట్ లెక్చరర్లలో సగం. ఒక పిల్లాడు చెప్పిన విషయం ప్రిన్సిపాల్ దాకా, అక్కడి నుంచి వాళ్ల నాన్న దాకా పోయాక, ఆ కాలేజీలో ఇంకెవరూ ఆమె గది గుమ్మం తొక్కలేదు. రెండో ఏడాది మానేసింది. 2019లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్న రాష్ట్రం మనది. ఆ తర్వాత కూడా కౌన్సిలర్ అంటే బ్రోచర్‌లో ఒక ఫొటో అనుకునే యాజమాన్యాలు ఉన్నాయంటే ఏమనాలి?

ఇంకో పక్క వారాంతపు సర్టిఫికెట్లు. రెండు రోజుల వర్క్‌షాప్‌కి పోయి వచ్చి "సైకాలజిస్ట్" అని బోర్డు కట్టేస్తున్నారు. పీజీ చదివిన పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, ఆ బోర్డు కింద కూర్చున్నాయన డిప్రెషన్ ఉన్న మనిషికి "పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పి డబ్బులు తీసుకుంటున్నాడు. 2021 చట్టం వచ్చిందే ఇలాంటి వృత్తులకు ఒక రిజిస్టర్, ఒక ప్రమాణం ఉండాలని. అది కాగితం దాటి మన టౌన్ల దాకా రావాలి.

డబ్బుల్లేవని మాత్రం అనకండి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది 1982లో, దాన్ని జిల్లాలకు తెచ్చింది 1996లో. 2015-16 జాతీయ సర్వే ప్రకారం ఈ దేశంలో మానసిక సమస్యలున్నవాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి అన్నిచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఒక్కో కాలేజీ సైకియాట్రీ విభాగంలో సైకాలజీ పీజీ చేసినవాళ్లకు ఏడాది పాటు స్టైఫండ్‌తో, సీనియర్ల పర్యవేక్షణలో శిక్షణ పెట్టండి. వాళ్లనే గురుకులాలకు, జూనియర్ కాలేజీలకు రెగ్యులర్ పోస్టుల్లో పంపండి. పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీల్లో రెగ్యులర్ సైకాలజీ పీజీ నడపండి, పెళ్లయిన ఆడవాళ్లకు హాస్టల్, సాయంత్రం బ్యాచ్ ఇవ్వండి.

ఈ మూడూ రాసి వచ్చే సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తున్నాం, మహబూబ్‌నగర్‌లోనూ, నల్లగొండలోనూ. సైకాలజీ చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు, చదవాలనుకుని ఆగిపోయినవాళ్లు మాతో వస్తామంటే ఇన్‌బాక్స్‌లో మీ మండలం పేరు రాయండి. ఈలోగా మీకో, మీ ఇంట్లోవాళ్లకో మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.