90 నిమిషాల క్యాసెట్, 80 నిమిషాల సీడీ: అందరూ చెప్పే ఆ చిట్కా ఎందుకు పనిచేయదంటే

మా పెదనాన్న దగ్గర రెండు చెప్పుల డబ్బాల నిండా సి-90 క్యాసెట్లు ఉన్నాయి. శ్రీరామనవమి పందిళ్లలో ముందు వరసలో కూర్చుని, టేప్‌రికార్డర్ ఒళ్లో పెట్టుకుని పట్టిన హరికథలు, పద్యనాటకాలు. వాటిని సీడీల్లోకి ఎక్కించే పని నా మీద పడినప్పుడు ఎవర్ని అడిగినా చెప్పిన సలహా ఒకటే. పాత టేపుల్నో, ఆగకుండా సాగే డీజే మిక్సుల్నో సీడీల్లో పెట్టుకోవాలనుకునేవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఇప్పటికీ అదే తిరుగుతోంది. సారాంశం ఇదీ:

80 నిమిషాల హద్దు కంపెనీలు వేసిన తాళం. 90, 99 నిమిషాల ఖాళీ సీడీలు దొరుకుతాయి, అడిగి కొనుక్కోండి, ఏ ప్లేయర్‌లోనైనా పాడతాయి. దొరక్కపోతే మామూలు డిస్కుకే ఓవర్‌బర్న్ (డిస్కు చెప్పుకునే నిడివి దాటి రాయడం) టిక్కు పెట్టండి. ఎంపీ3 బిట్‌రేట్ తగ్గిస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. స్పీడు తగ్గించి రాస్తే చాలు, ఏ ఇబ్బందీ ఉండదు.

ఇందులో పూర్తిగా నిజమైన మాట ఒక్కటే. 90 నిమిషాల డిస్కులు నిజంగానే ఉన్నాయి. పది డిస్కుల డబ్బా ఒకటి నేనూ కొన్నాను. ఆ డబ్బా సంగతి తర్వాత, ముందు తాళం సంగతి చూద్దాం.

సీడీ మీద పాట అంతా లోపలి నుంచి బయటికి జంతికలా చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గీత. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో రాసుకున్న ఆడియో సీడీ నియమాల పుస్తకం రెడ్‌బుక్ ప్రకారం చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరం ఉండాలి, అటూ ఇటూ 0.1 తేడా పర్వాలేదు. గీత లేజర్ కింద సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల వేగంతో సాగాలి. రాసుకోవడానికి ఉన్న చోటు కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 58 దగ్గర అయిపోతుంది. కాగితం మీద లెక్క వేసి చూడండి. వేగం కనిష్ఠంగా 1.2 పెట్టుకుంటే 80 నిమిషాలకు 5,760 మీటర్ల గీత కావాలి. అది ఆ చోట్లో పట్టాలంటే చుట్ల మధ్య దూరం దాదాపు 1.5 మైక్రాన్లు. అంటే రూలు ఇచ్చిన వెసులుబాటును 80 నిమిషాల డిస్కే పూర్తిగా వాడేసుకుంది. 90 కావాలంటే 1.33కి, 99 కావాలంటే 1.2కి బిగించాలి, లేదా వేగాన్ని ఇంకా దించాలి. ఎలా చేసినా రూలు దాటినట్టే. ఆ పది నిమిషాలు ప్లేయర్ ఓపికలోంచి తీసుకున్నవే. తాళం ఎవరూ వేయలేదు, ఉన్న చోటే అంత.

ఇక 90 నిమిషాల డిస్కు ఎక్కడైనా పాడుతుందన్న మాట. ఖాళీ డిస్కులో ముందే చెక్కిన గాడి ఉంటుంది, అందులోనే నిమిషాల లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్కలో చివరి అంకెలు డిస్కు మొదట్లో ఉండే లీడ్-ఇన్ భాగానికి పోయాయి. తయారు చేసిందెవరో చెప్పే గుర్తు కూడా అక్కడే, 97తో మొదలయ్యే అంకెగా ఉంటుంది. పాట భాగం 79:59 దగ్గర ఆగాలన్నది నియమం. అందుకే డబ్బా మీద 90 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపలున్న డిస్కు చాలాసార్లు డ్రైవ్‌కి తన నిడివి 79:59 అనే చెప్పుకుంటుంది. దానిమీద 90 నిమిషాలు రాయాలన్నా ఓవర్‌బర్న్ చేయాల్సిందే. ఇందులో ఇంకో చిక్కుంది. అసలు 90 డిస్కూ, మామూలు డిస్కుకు 90 స్టిక్కరు అంటించిందీ డ్రైవ్‌కి ఒకేలా కనిపిస్తాయి. రాసి చూస్తేగానీ తెలియదు. (100 నిమిషాల సీడీ కావాలని వెతికేవాళ్లకు: నిమిషాల గడిలో రెండంకెలే పడతాయి, కాబట్టి ఆ ఆశ వదులుకోండి.)

నా దగ్గరున్న రెండు బర్నర్లలో (సీడీ రాసే డ్రైవ్‌లలో) కొత్తది ఆ డిస్కును మొదట్లోనే తిప్పికొట్టింది, ఒక్క నిమిషం కూడా రాయలేదు. పాతది రాసింది. సంబరపడి, సుందరకాండ హరికథ ఎక్కించి మా బావ కారులో పెట్టాం. మొదటి నుంచి వదిలేస్తే చక్కగా పాడింది. చివరి ట్రాక్ వినాలని బటన్ నొక్కాం. లోపల కుర్ కుర్ అని చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ కుర్ కుర్, ఆ తర్వాత మొదటి ట్రాక్. మళ్లీ నొక్కాం, మళ్లీ అంతే. "ఏంటి బావా, మీ హనుమంతుడు లంక దాకా వెళ్లి తోక కాలకుండానే కిష్కింధకి తిరిగొస్తున్నాడు" అన్నాడు బావ. ప్లేయర్ తప్పేమీ లేదు. 82వ నిమిషానికి వెళ్లాలంటే ఎన్ని చుట్లు దాటాలో అది మామూలు కొలతలతో లెక్క వేసుకుంటుంది. చుట్లు బిగిసి ఉన్నచోట ఆ లెక్క తప్పుతుంది. అదే డిస్కు ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో బాగానే పాడింది. అలా ఒక్కచోట పాడిందని చూసే చాలామంది ఈ సలహాను ముందుకు పంపుతున్నారని నా అనుమానం.

దొరకడం కూడా అంత సులభం కాదు. మోజర్ బేర్ 700 ఎంబీ డిస్కులు ఊరూరా అమ్మిన రోజుల్లోనే ఇవి అరుదు. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది. మంచి డిస్కులకు పేరుపడ్డ జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015 చివరికల్లా ఈ వ్యాపారమే మానుకుంది. ఇప్పుడు ఎక్కడైనా 90 నిమిషాలది కనిపించిందంటే అది ఎన్నేళ్లు గోదాములో మగ్గిందో అడిగి కొనండి.

మామూలు డిస్కు మీద ఓవర్‌బర్న్ మాత్రం ఉత్త మాట కాదు. పాట అయిపోయాక డిస్కు చివర లీడ్-అవుట్ కోసం, అంటే పాట అయిపోయిందని ప్లేయర్‌కి చెప్పే భాగం కోసం, వదిలే చోటు కొంత ఉంటుంది, అంచున ఇంకాస్త మిగులు ఉంటుంది. మధ్యలో ఆగకుండా డిస్కంతా ఒకేసారి రాసే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో రాస్తే అందులోకి చొరబడవచ్చు. డిస్కును బట్టి ఒకటి రెండు నిమిషాలు కలిసొస్తాయి, అదృష్టం బాగుంటే ఇంకొంచెం. మీ మిక్స్ 81 నిమిషాలైతే ప్రయత్నించండి. 90 అయితే చివర్లో ఎర్రరు చూసి డిస్కు పారేయడమే. పైగా ఆ చివరి నిమిషం డిస్కు అంచున పడుతుంది, వేళ్లు తగిలేదీ గీతలు పడేదీ అక్కడే.

బిట్‌రేట్ మాట చదివి నాకు నవ్వాగలేదు. ఆడియో సీడీ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపీ3ని విప్పి మామూలు ధ్వనిగా మార్చేస్తుంది. 64తో వచ్చినా 320తో వచ్చినా నిమిషం నిమిషమే. సీడీ కొలిచేది సమయాన్ని, మీ ఫైలు బరువును కాదు.

ఈ తికమకకి రెండో వైపు కూడా ఉంది, డబ్బు పోయేది అక్కడే. 78 నిమిషాల మిక్స్‌ను వేవ్ ఫైలుగా పెడితే కంప్యూటర్ 787 ఎంబీ అని చూపిస్తుంది. డిస్కు మీద 700 ఎంబీ అని ఉంటుంది. ఇంకేముంది, పట్టదనుకుని పెద్ద డిస్కు కోసం ఊరంతా తిరుగుతారు. కానీ ఆ 700 డేటా లెక్క. సీడీలో సెకనుకు 75 గడులు. పాటకైతే ఒక్కో గడిలో 2,352 బైట్లు పడతాయి. డేటాకైతే 2,048 మాత్రమే, మిగతాది తప్పులు సరిదిద్దుకోవడానికీ గుర్తులకీ పోతుంది. పాటలో ఒక బైటు అటూ ఇటూ అయితే చెవికి తెలియదు, డేటా ఫైలు మాత్రం పాడైపోతుంది, అందుకే ఆ జాగ్రత్త. పాటల లెక్కలో అదే డిస్కులో 807 ఎంబీ పడుతుంది. 787 హాయిగా సరిపోతుంది. పెద్ద డిస్కు కావాలని నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మందికి అసలు ఆ అవసరమే లేదు.

స్పీడు తగ్గిస్తే చోటు పెరగదు. కొత్త డిస్కుల మీద పూత ఎక్కువ వేగాలకు తగ్గట్టు చేసినది, మరీ నెమ్మదిగా రాస్తే మేలు జరుగుతుందన్న హామీ కూడా లేదు. నేను 16ఎక్స్ దాటను, అంతే.

ఇంకొందరిది మరో ఉపాయం: 90 నిమిషాలదాన్ని కాస్త వేగం పెంచి 80కి దించేయమంటారు. 90ని 80తో భాగిస్తే తొమ్మిదికి ఎనిమిది. షడ్జమానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్య ఉండే నిష్పత్తి సరిగ్గా అదే. అంటే దాసుగారి శ్రుతి ఒక మెట్టంతా పైకెళ్లి, గొంతు పద్నాలుగేళ్ల కుర్రాడిదైపోతుంది. శ్రుతి మారకుండా వేగం పెంచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, చిడతల చప్పుడు వాటికి లొంగదు.

మరి నేనేం చేశానంటే, రెండుగా కోశాను. డీజే మిక్స్ కోసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: సీడీలో సెకను ధ్వనికి 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు), వాటిని 75 గడులతో భాగిస్తే గడికి 588. కోత ఆ 588 శాంపిళ్ల గుణిజం మీద పడకపోతే, చివరి గడిని సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంతో నింపుతుంది, ట్రాక్ మారేచోట టక్‌మంటుంది. క్యూ షీట్ (ఏ ట్రాక్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న ఫైలు) రాసి, ట్రాకుల మధ్య గ్యాప్ సున్నా చేసి, డిస్క్-ఎట్-వన్స్‌లో రాస్తే అతుకు తెలియదు. కారు ప్లేయర్ ఎంపీ3 చదివేదైతే ఈ బాధే లేదు. 192 బిట్‌రేట్‌తో 700 ఎంబీ డేటా డిస్కులో ఎనిమిదిన్నర గంటలు పడతాయి, పెదనాన్న నవరాత్రుల్లో సగం ఒక్క డిస్కులోనే.

ఆయన మాత్రం ఎంపీ3 వద్దన్నాడు. ఎ వైపు ఒక సీడీ, బి వైపు ఒక సీడీ చేసిచ్చాను. "సగం ఖాళీగా వదిలేశావేంరా?" అన్నాడు. హరికథ మధ్యలో ఎక్కడ కోయాలా అని నేను పడ్డ టెన్షన్ కూడా అనవసరమే అయింది. నలభై అయిదో నిమిషంలో ఆయన క్యాసెట్ తిప్పుతుండగా ఒక పద్యంలో రెండు పాదాలు ఎప్పుడో పోయాయి. సరిగ్గా అక్కడే మొదటి సీడీ అయిపోతుంది.

90 నిమిషాల డబ్బాలో మూడు వాడాను. మిగతా ఏడూ పెరట్లో జామచెట్టుకి వేలాడుతున్నాయి, చిలకలు రాకుండా.