పూజకు రాని పువ్వుకూ కాస్త చోటిద్దాం

ప్రతి వసంతంలో అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో నారు, విత్తనాల పంపకం జరుగుతుంది. బల్ల మీద ఏముంటాయో చూడకుండానే చెప్పొచ్చు. గోంగూర, బెండ, ఆనప, బీర, చిక్కుడు, ఎవరో పుణ్యాత్ములు తెచ్చిన కరివేపాకు పిలకలు. పూలంటే బంతి, కనకాంబరం, అంతే. వచ్చే ఏడాది ఆ బల్ల మీద ఒక్క ట్రే అయినా కొలంబైన్ అనే పూల మొక్కలు ఉండాలని నా వాదన. నేనుండేది డెన్వర్ శివారులో. కొలరాడో 1899లోనే దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది కాబట్టి నాకు కొంత పక్షపాతం ఉందనుకున్నా పరవాలేదు. ఆ పేరు వినగానే చాలామందికి ఇక్కడి కొలంబైన్ హైస్కూల్లో 1999లో జరిగిన కాల్పులే గుర్తొస్తాయి. ఆ బడికి పేరు ఈ పువ్వు వల్లే వచ్చింది. పువ్వు మాత్రం ఆ విషాదానికి ఎంతో ముందు నుంచీ ఈ కొండల్లో ఉంది.

కమిటీలో ఈ మాట ఎత్తితే వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. కూరకొస్తుందా? రాదు. జడలోకి? కాడ మరీ సన్నం, మల్లె వాసన దీనికెక్కడిది! బతుకమ్మకు? ఇది పూసేది వసంతం చివర, వేసవి మొదట్లో. బతుకమ్మ నాటికి ఆకులే మిగులుతాయి. పూజకు? పెట్టకూడదని ఎవరూ అనరు గానీ, పెట్టినవాళ్లనూ నేను చూడలేదు. ఇన్ని 'రాదు'లు ఉన్నా పెంచమని ఎందుకంటున్నానంటే, మన పెరళ్లలో మన మొక్కలేవీ బతకని చోట ఇది హాయిగా బతుకుతుంది.

మన కూరగాయలన్నీ ఎండ కోరేవే. బీరపాదుకు, బెండకు రోజంతా ఎండ తగలాలి. అందుకని దక్షిణం వైపు గజం నేల కూడా వదలం. ఉత్తరం గోడ పక్కన, పెద్ద చెట్టు కింద, ఇంటికీ ఫెన్స్‌కీ మధ్య సందులో మాత్రం గులకరాళ్లు పోసో, గడ్డి వేసో చేతులు దులుపుకుంటాం. కొలంబైన్‌కు కావలసింది సరిగ్గా అలాంటి చోటే. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, నీళ్లు నిలవని నేల ఉంటే చాలు. డెన్వర్ బంకమట్టిలో అయితే కాస్త కంపోస్ట్ కలిపి గుల్ల చేయాలి. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. కొలరాడోలో 2023లో వచ్చిన చట్టం ప్రకారం, విడి ఇళ్లున్న కాలనీల్లో నీరు తక్కువ పట్టే తోటల నమూనాలు కనీసం మూడు హెచ్‌ఓఏలే ముందుగా ఆమోదించి ఉంచాలి. ముందు వాటిని అడిగి తెచ్చుకుని చూడండి.

ఏ ఊళ్లో ఏ రకం అన్నది ముఖ్యం, ఇక్కడే చాలామంది డబ్బు పారేసుకుంటారు. మా రాష్ట్ర పుష్పం నీలం, తెలుపు కలిసిన అక్విలేజియా కొయెరూలియా అనే రకం. 1820లో ఎడ్విన్ జేమ్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పైక్స్ పీక్ కొండ వైపు వెళ్తూ దీన్ని చూసి నమోదు చేశాడు. ఇది కొండపిల్ల, డెన్వర్ ఎండకే కాస్త డీలా పడుతుంది. ఇక్కడి మైదానంలో 'డెన్వర్ గోల్డ్' అనే పసుపు రకం మేలు. డెన్వర్ బొటానిక్ గార్డెన్స్, కొలరాడో స్టేట్ యూనివర్సిటీ కలిసి నడిపే ప్లాంట్ సెలెక్ట్ అనే మొక్కల పథకం వాళ్లు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. డాలస్, హ్యూస్టన్ వాళ్లు 'టెక్సస్ గోల్డ్' అడగండి, ఆ రాష్ట్రం పడమటి కొసన పెరిగే అడవి రకం నుంచి వచ్చింది. న్యూజెర్సీ నుంచి జార్జియా దాకా ఉన్నవాళ్లకు ఎరుపు, పసుపు కలిసిన కెనడెన్సిస్ రకం అక్కడి అడవుల్లోదే. కాలిఫోర్నియాలో ఫార్మోసా రకం. షాపులో ఫొటో చూసి మా నీలం రకాన్ని హ్యూస్టన్ తీసుకెళ్లినా మొక్క బతకదు, అది మన చేతి గుణం కాదు. కొలంబైన్లు ఇండియాలోనూ ఉన్నాయి, హిమాలయాల పడమటి కొండల్లో. అక్కడి తెల్ల రకం ఒకదానికి మంచి వాసన కూడా ఉంటుంది. మన తెలుగు నేల వేడి మాత్రం వీటికి సరిపడదు.

పువ్వు నిర్మాణం చూస్తే మనిషికి పని మర్చిపోవాలనిపిస్తుంది. ఐదు రేకులు, ప్రతి రేకు వెనక తోకలా సాగిన గొట్టం, గొట్టం కొసన తేనె. తూర్పు రాష్ట్రాల ఎర్ర పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. దక్షిణాది నుంచి హమ్మింగ్‌బర్డ్‌లు తిరిగొచ్చే రోజుల్లోనే అది పూస్తుంది, పిట్ట గాల్లో నిలబడి కింది నుంచి ముక్కు దూర్చి తాగుతుంది. మా కొండల నీలి పువ్వు పైకి చూస్తుంది, గొట్టాలు ఇంకా పొడుగు, సందెవేళ తిరిగే హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మటకు తగ్గట్టు. ఈ గొట్టాల పొడుగు ఎలా మారిందో 2007లో విటాల్, హాడ్జెస్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపారు. తేనెటీగల నుంచి హమ్మింగ్‌బర్డ్‌లకు, వాటి నుంచి చిమ్మటలకు మారినప్పుడల్లా గొట్టం ఒక్కసారిగా సాగిందని తేల్చారు. పిల్లలకు పరిణామ సిద్ధాంతం చెప్పాలనుకునే అమ్మానాన్నలకు ఇంతకన్నా చవకైన పాఠం దొరకదు. డార్విన్ మనవరాలు నోరా బార్లో పేరుతో ముద్దపువ్వు కొలంబైన్ ఒకటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానికి ఆ గొట్టాలే ఉండవు. పిట్టల కోసమైతే కొనకండి.

పెంపకంలో కావలసింది ఓపిక. విత్తనానికి చలి తగలాలి. తడి టిష్యూలో చుట్టి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, లేదా చలికాలం ముందే బయట చల్లేయొచ్చు. మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. మొదటి ఏడాది ఆకులే వస్తాయి. మన జనం ఇక్కడే మొక్క పీకి పచ్చిమిర్చి వేస్తారు. రెండో ఏడాది దాకా ఆగాలి. ముదిరిన మొక్కను చోటు మార్చొద్దు, వేరు లోతుకు దిగి ఉంటుంది. ఆకుల మీద తెల్లటి మెలికల చారలు కనిపిస్తే ఆకుతొలుచు పురుగు, మన కూరగాయ రైతులు పాముపొడ అనేదే. మొక్క దానివల్ల చావదు, ఆ ఆకులు కత్తిరించేస్తే సరి, మందులు కొట్టాల్సిన పని లేదు. మొక్క ఆయుష్షు మూడు నాలుగేళ్లే, కానీ పిల్లల్ని చుట్టూ రాల్చిపోతుంది. రెండు రంగులు పక్కపక్కన పెడితే ఆ పిల్లలు ఏ రంగులో పుడతాయో ఎవరూ చెప్పలేరు. జింకలూ కుందేళ్లూ వీటి జోలికి అంతగా రావు, గోంగూర మీద పడి మేసేవి ఇవేనా అనిపిస్తుంది.

నాకున్న అసలు బాధ ఇంకోటి. జూలైలో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ అనే కొండ ఊరి వైపు కొండలెక్కే మన పిక్నిక్ బృందాల్లో, పువ్వు కనిపిస్తే చెయ్యి ఆగనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒకరు జడలో తురుముకుంటారు, ఇంకొకరు వేరుతో సహా కవర్లో వేసుకుంటారు. కొలరాడోలో 1925 నుంచే దీనికి చట్టముంది. ప్రభుత్వ భూమిలో ఈ మొక్కను వేళ్లతో పెకలించకూడదు, ఒక మనిషి ఒక రోజులో 25 కాడలకు మించి కోయకూడదు. రాకీ మౌంటెన్ లాంటి నేషనల్ పార్కుల్లో అయితే ఒక్కటి కూడా కోయకూడదు. పైగా కొండ మీద పీకిన మొక్క మన ఇంట్లో బతకదు. నర్సరీలో కొని ఇంట్లో పెంచుకున్నవాళ్లకు ఆ చెయ్యి దానంతటదే ఆగుతుందని నా నమ్మకం.

మల్లె కుండీని అక్టోబర్‌లో గరాజ్‌లోకి, మేలో బయటికి మోసేవాళ్లను నేను తక్కువ చేయడం లేదు, మా ఇంట్లోనూ ఆ మోత ఉంది. కానీ మంచు కింద పడుకుని, ఎవరి సాయం లేకుండా తనంతట తానే లేచే పువ్వు ఒకటి మన వాకిట్లో ఉంటే తప్పేంటి? కమిటీవాళ్లు పెద్దగా చేయాల్సింది కూడా లేదు. ఇప్పటికే పెంచుతున్నవాళ్లు వేసవిలో కాయలు ఎండి పైన నోరు తెరిచాక, కాగితం కవర్లోకి దులిపి ఉంచితే చాలు. నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. ఇది నల్లజీలకర్ర కుటుంబపు మొక్కే, గింజలు చూడ్డానికి అలాగే ఉంటాయి, కానీ వీటిలో విషముంటుంది. కవరు మీద రకం పేరు, రంగు పెద్దక్షరాలతో రాయండి. పోపులపెట్టె దరిదాపుల్లో మాత్రం పెట్టకండి.