బ్రూటస్ బొమ్మలో వెలుగు ఎవరి మీద పడింది?

మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ పొద్దున్నే ఒక బొమ్మ పెట్టాడు, కింద "దేశం ముందు, కుటుంబం తర్వాత" అని, రెండు దండాలు. ఫ్రెంచ్ పెయింటర్ జాక్ లూయీ దావిద్ 1789లో వేసిన బ్రూటస్ బొమ్మ అది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నాకైతే ఒళ్లు మండింది, ఎందుకంటే ఆ మాట పెట్టినోళ్లెవరూ బొమ్మని సరిగ్గా చూడలేదు.

ఈ బ్రూటస్ సీజర్‌ని పొడిచినవాడు కాదు, అంతకు నాలుగున్నర వందల ఏళ్ల ముందటోడు. టార్క్విన్ రాజుని తరిమేసి క్రీ.పూ. 509లో రోమ్‌లో రిపబ్లిక్ పెట్టాడని చెప్పే కథలో హీరో. ఆ రాజునే మళ్లీ తెద్దామని కుట్ర చేసి దొరికినవాళ్లలో ఈయన కొడుకులిద్దరూ ఉన్నారు, పిల్లల మేనమామలూ ఉన్నారు. మరణశిక్ష అమలు చేయించాల్సిన కాన్సుల్, అంటే రోమ్‌ని నడిపే పెద్ద అధికారి, ఎవరయ్యా అంటే కన్నతండ్రే. చేయించాడు, దగ్గరుండి చూశాడు కూడా.

దావిద్ తలలు నరికే సీన్ వేసి ఉంటే బాబాయ్ మాట కరెక్టే అనేవాణ్ణి. కానీ ఆయన వేసింది ఆ తర్వాత ఇంట్లో జరిగింది. ఎడమ పక్క చీకట్లో బ్రూటస్ కూర్చున్నాడు, వెనకాల శవాలు మోసుకొస్తున్నారు, ఈయన తల తిప్పడు, కానీ కాళ్లు చూడండి, ఒకదానిమీద ఒకటి బిగించేశాడు, మొహం దాచినా కాళ్లు దాచలేకపోయాడు పాపం. వెలుగంతా కుడి పక్కన, చెయ్యి చాచి అరుస్తున్న తల్లి మీద, సొమ్మసిల్లిన కూతురి మీద. ఒక పనిమనిషి బట్టలో మొహం కప్పేసుకుంది. ఈ రెండు పక్కలకీ మధ్యలో బల్ల మీద కుట్టుపని బుట్ట, అంతే. కర్తవ్యం ఆయనది, ఏడుపు వీళ్లది.

అలాగని బ్రూటస్‌ది తప్పు అని కూడా అనలేను. మిగతా కుట్రదారులకి శిక్షేసి నా పిల్లలు కదా అని వీళ్లని వదిలేస్తే ఇంక ఆ రాజుకీ ఈయనకీ తేడా ఏముంది? అందుకే ఈ బొమ్మ ఇబ్బంది పెడుతుంది, దండం ఎమోజీకి లొంగదు.

ఇంకో సంగతి, ఇది ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ సర్కారు ఖర్చుతోనే తయారైంది. బొమ్మ జనం ముందుకి వచ్చేసరికి ఫ్రెంచ్ విప్లవం మొదలై బాస్టీల్ జైలు కూలిపోయి ఉంది, ఇక జనం దాన్ని విప్లవం బొమ్మ చేసేసుకున్నారు. 1793లో ఆ లూయీకే మరణశిక్ష వేయాలని ఓటేసినవాళ్లలో దావిద్ ఒకడు. దావిద్ భార్య షార్లెట్ మాత్రం రాజు పక్షం మనిషి. నలుగురు పిల్లలున్నా 1794లో విడాకులైపోయాయి. ఏళ్ల ముందు బొమ్మలో వేసుకున్న ఇల్లే ఆయన సొంతిల్లు అయింది! తర్వాత ఆయన జైలుపాలైనప్పుడు ఆవిడే అండగా నిలబడింది, 1796లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు, అది వేరే సంగతి.

ఇదంతా గ్రూపులో రాస్తే బాబాయ్ ఒక థంబ్స్ అప్ కొట్టి ఊరుకున్నాడు. పిన్ని మాత్రం బొమ్మని జూమ్ చేసి అడిగింది, "ఏరా, ఆ బుట్టలో ఉన్నది కత్తెరేనా?"