పాముకాటుకు తాడూ బ్లేడూ వైద్యమా?

కొండలు, అడవుల్లో నడకకు వెళ్లేవాళ్ల కోసమంటూ ఒక సందేశం వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది. పాము కరిస్తే కాటుకు పైన తాడు బిగించి కట్టాలట. బ్లేడుతో గాటు పెట్టి విషం పీల్చి ఉమ్మేయాలట. పామును చంపి ఆస్పత్రికి పట్టుకెళ్లాలట. నొప్పి, వాపు లేకపోతే విషం ఎక్కనట్టేనట. నాలుగూ తప్పే.

రక్తపింజర విషం అసలే కాటు చుట్టూ కండను కుళ్లబెడుతుంది. పైన తాడు బిగించి దానికి రక్తం అందకుండా చేస్తే, ప్రాణం దక్కినా కాలు తీసేయాల్సి రావచ్చు. ఎవరైనా ఇప్పటికే బిగించి కట్టి ఉంటే దారిలో విప్పకండి, ఆ పని డాక్టరు చూసుకుంటారు. "మా ఊళ్లో తాడు కట్టే బతికారు" అంటారా? కరిచింది విషం లేని పాము కావచ్చు. విషప్పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కరుస్తుంది. పేరు మాత్రం తాడుకు దక్కుతుంది!

ఇక గాటు. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే ఆస్పత్రిలో కొంచెం రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. అలాంటి మనిషి ఒంటి మీదా బ్లేడు పెట్టేది? నోటితో పీల్చితే విషం బయటకు రావడం సినిమాల్లోనే.

పామును వెంటాడాల్సిన పనీ లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే. తెగిపడిన తల కూడా కాసేపటిదాకా కరవగలదు.

అన్నిటికన్నా ప్రమాదం ఆ నాలుగో మాట. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేలమీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు, కాటు గుర్తు కూడా కనిపించదు. కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి పీల్చే కండరాలే చచ్చుబడతాయి. గుడారంలో ఎవరైనా తెల్లవారుజామున కళ్లు తెరవలేకపోతుంటే నిద్రమత్తు అనుకోకండి.

కాటు పడగానే ఉంగరాలు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కాలికి కర్ర ఆనించి, బిగించకుండా కట్టి కదలనివ్వకండి. ఒక్క అడుగూ నడిపించకుండా దుప్పటితో డోలీ కట్టి మోసుకురండి. సిగ్నల్ అందిన చోట 108కి ఫోన్ చేయండి. విరుగుడు మందు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో కొండ ఎక్కకముందే కనుక్కుని పెట్టుకోవాలి.